కెడిల్‌స్టన్ హాల్ ఎవరిది? ఆడమ్‌దా, పెయిన్‌దా?

డెర్బీవాసి:
ఆదివారం పిల్లల్ని తీసుకుని ఇంగ్లండ్‌లో మా ఊరు డెర్బీ పక్కనున్న పాతకాలపు పెద్ద మేడ, కెడిల్‌స్టన్ హాల్‌కి వెళ్లాం. ఆర్కిటెక్ట్ రాబర్ట్ ఆడమ్ గొప్పతనం అక్కడే చూడాలి. మార్బుల్ హాల్‌లో అడుగుపెడితే అటూ ఇటూ కలిపి 20 స్తంభాలు, వెలుగేమో పైకప్పు అద్దాల్లోంచి పడుతుంది. మా చిన్నది చెప్పులు విప్పబోయింది, గుడి అనుకుని!

పాతప్లాను:
అంతా ఆడమ్ ఖాతాలో వేసేశారా? 1759 ప్రాంతంలో ఇంటి యజమాని నథానియెల్ కర్జన్ ముందు పని అప్పగించింది మాథ్యూ బ్రెటింగ్‌హామ్ అనే ఆర్కిటెక్ట్‌కి, ఆ తర్వాత జేమ్స్ పెయిన్‌కి. ఆడమ్‌ని పిలిచింది తోటలో కట్టడాల కోసం. ఏడాది తిరిగేసరికి ఇల్లంతా ఆయన చేతిలోకి పోయింది. మధ్యన పెద్ద మేడ, నాలుగు మూలలా పెవిలియన్లు, అంటే విడి భవనాలు, వాటిని కలిపే వంపు వసారాలు, ఇదంతా ఆయన రాకముందే ఉన్న ప్లాను. ఉత్తరం వైపు ముఖం ఇవాళ్టికీ పెయిన్‌దే.

రాళ్లపిచ్చి:
చిన్న సవరణ. అవి పాలరాతి స్తంభాలు కావు, అలబాస్టర్.

డెర్బీవాసి:
పేరే మార్బుల్ హాల్ కదండీ.

రాళ్లపిచ్చి:
పేరుదేముంది? అలబాస్టర్ జిప్సం జాతి, గోటితో గీసినా గీత పడుతుంది. పాలరాయి మీద గీసి చూడండి, గోరే అరుగుతుంది.

గోదారిగట్టు:
మన కోఠీ రెసిడెన్సీ దీన్ని చూసే కట్టారంటగా?

పాతప్లాను:
కోఠీది శామ్యూల్ రస్సెల్ డిజైను. దీన్ని చూసి కట్టింది కలకత్తా గవర్నమెంట్ హౌస్, 1803లో పూర్తయింది. తమాషా ఏంటంటే, కెడిల్‌స్టన్‌లో రెండు పెవిలియన్లతోనే ఆపేశారు, కలకత్తాలో నాలుగూ లేపారు. ఆడమ్ చేతిలో పడ్డ ప్లాను సగంలో ఆగింది, సముద్రం దాటాక నిండుగా నిలబడింది. ఇప్పుడు చెప్పండి.

సుబ్బలక్ష్మి_గారిల్లు:
వంటిల్లు ఏ మూల?

డెర్బీవాసి:
వాయవ్యం పెవిలియన్‌లో అండీ. ఇంటివాళ్లు ఉండేది ఈశాన్యంలో. మధ్య మేడ అతిథులకి చూపించుకోడానికే.

సుబ్బలక్ష్మి_గారిల్లు:
ఆగ్నేయం కాకపోతే వాయవ్యమే, పర్లేదు. కూర మాత్రం చల్లారిపోయుంటుంది.

డెర్బీవాసి:
పాతప్లాను గారూ, మీరు దక్షిణం వైపు మాట ఎత్తరేం? రోమ్‌లోని కాన్‌స్టంటైన్ తోరణాన్ని తెచ్చి ఇంటి గోడకి అతికించినట్టుంటుంది. అది ఆడమ్‌ది. వెనకాల సలూన్ అనే గుండ్రటి పెద్ద గది, 62 అడుగుల ఎత్తున గుమ్మటం. పెయిన్ ప్లానులో హాలుకీ ఆ గుండ్రటి గదికీ మధ్య మెట్లు అడ్డం. ఆడమ్ వాటిని పక్కకి జరిపాడు. ఇప్పుడు హాల్లోంచి నేరుగా గుమ్మటం కిందకి వెళ్లిపోతాం. ఇల్లంటే అదీ! మిగతాది ఎవరైనా గీస్తారు.

పాతప్లాను:
ఎవరైనా గీస్తారా? నేను ఏడేళ్లు ఒక ఆఫీసులో గీశానండీ. ఒక కళ్యాణమండపానికి పునాది నుంచి టాయిలెట్ల దాకా ప్రతి షీటూ నాదే, రెండో పాప పుట్టిన రాత్రి కూడా బోర్డు ముందే ఉన్నా. సార్ వచ్చి ముందువైపు ఎలివేషన్ మార్చారు. శిలాఫలకం మీద ఆయన పేరొక్కటే. ప్రారంభానికి నాకు పిలుపు కూడా లేదు. పెయిన్ ముసలితనంలో తన కెడిల్‌స్టన్ ప్లానుని పుస్తకంలో అచ్చేయించుకున్నాడు. ఎందుకో మీకు అర్థం కాదు.

డెర్బీవాసి:
అదా సంగతి! అయితే నాదీ వినండి. తెనాలిలో మా ఇల్లు సగంలో ఆగిపోతే సెలవు పెట్టి వచ్చి నేను పూర్తి చేయించాను. మొదటి ఇంజనీరు హాలు నడిమధ్య పెట్టిన మెట్లు కొట్టించి పక్కకి వేయించాను, అప్పుడే అది ఇల్లయింది. ఊళ్లో ఇప్పటికీ ఆ ఇంజనీరు కట్టిన ఇల్లనే అంటారు. మధ్యలో వచ్చి బాగుచేసినవాడికి పేరు రాకూడదా?

రాళ్లపిచ్చి:
నేలలో ఇటలీ పాలరాయి ఉంది, అది ఒప్పుకుంటాను.

పాతప్లాను:
రావచ్చు. మెట్లు కొట్టించేముందు ఆయనకి ఒక ఫోన్ చేశారా?