పాత బొలెరో పికప్ ఇచ్చేసి సెకండ్ హ్యాండ్ ఈకో తీసుకోవచ్చా?

మర్రిపాలెం కుర్రాడు:
అందరికీ నమస్తే. మాకు విశాఖ మర్రిపాలెంలో చిన్న క్యాటరింగ్ ఉంది. నాన్న కొన్న 2009 మోడల్ బొలెరో పికప్ ఇన్నేళ్లలో ఒక్క పెళ్లికి కూడా మమ్మల్ని లేటు చేయలేదు, ఇప్పటికీ సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది. కానీ 15 ఏళ్లు దాటిపోయింది, ఏటా బండికి ఫిట్‌నెస్ పరీక్ష అంటే టెన్షనే, పైగా పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్. వానొస్తే టార్పాలిన్ ఎంత బిగించి కట్టినా సామాను తడుస్తోంది. తినే వస్తువులు కదా, అది నాకు అసలు నచ్చట్లేదు. ఆర్డర్లు ఎక్కువగా వంద, నూట యాభై మందికే, అన్నీ మధురవాడ, కొమ్మాది, గాజువాక లోపలే. మారుతీ ఈకో పాతది చూస్తున్నాను. నాన్నకి పికప్ వదలాలని లేదు. గుండిగలు, పొయ్యిలు, ముగ్గురు కుర్రాళ్లు, ఇదంతా ఈకో మోస్తుందా?

ఆటోనగర్ మెకానిక్:
తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. మామూలు ఆర్డర్ రోజున మీ పికప్‌ని లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి లారీ కాటా మీద పెట్టించు. ఈకో కార్గో, అంటే సామాను తోలే మోడల్, మోసేది అర టన్ను చిల్లర, మీ పికప్ టన్ను పైనే మోస్తుంది, దానికి వెనక కమాన్ పట్టీలున్నాయి. మనకి సామాను తక్కువే అనిపిస్తుంది గానీ 20 లీటర్ల వాటర్ క్యాన్లు పది వేస్తేనే 200 కేజీలు. నీళ్లు హాలు దగ్గరే వేయించుకుంటే సగం సమస్య తీరిపోతుంది. లోడు నాలుగు వందల లోపు వస్తే ధైర్యంగా తీసుకో, అంతకు మించితే ఈకో వద్దు, బ్రేకులూ టైర్లూ త్వరగా పోతాయి.

ఇంకోటి, మన ఊళ్లో బండి చూసేటప్పుడు పైన పెయింట్ కాదు, కింద చూడాలి. సముద్రపు గాలికి ఇనుము ఊరికే తినేస్తుంది. హార్బర్ నుంచి చేపలు తోలిన బండైతే మరీ కష్టం, ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఫ్లోరు సందుల్లోకి దిగిపోయి ఉంటాయి. మ్యాట్ మొత్తం ఎత్తించు, స్లైడింగ్ డోర్ నడిచే పట్టాలు, జాకీ పెట్టే చోటు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. మెత్తగా దిగిందంటే బేరం కూడా ఆడకు, వచ్చేయ్. ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి సీటు లేపి ఆయిల్ చెమ్మ, కూలెంట్ మరకలు చూడొచ్చు. 2022 చివర్లో ఇంజన్ మారింది, మైలేజీ కొంచెం మెరుగు, కానీ పాత ఇంజన్ కూడా మొండిదే, భయం లేదు.

సీతమ్మధార:
పైన చెప్పినదానికి తోడు కాగితాల సంగతి. ఏపీ 39 సిరీస్ రాష్ట్రం మొత్తానికి ఒకటే, 2019 నుంచి నంబర్ చూసి ఏ జిల్లా బండో చెప్పలేం. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఎక్కడ రిజిస్టర్ అయిందో చూడండి. విజయవాడ వైపు బండైతే 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో మునిగిందేమో కచ్చితంగా చూసుకోవాలి: సీటు బెల్టు చివరిదాకా లాగితే మట్టి చార కనిపిస్తుంది, ఫ్యూజ్ బాక్సులో కూడా. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఫైనాన్స్ కొట్టేయించే ఫారం 35 చేతికి రాకుండా డబ్బు మొత్తం ఇవ్వొద్దు.

కుర్రాళ్ల విషయం మీరు సీరియస్‌గా ఆలోచించాలి. కార్గో మోడల్‌కి ముందు రెండు సీట్లే, వెనక మనుషుల్ని కూర్చోబెట్టకూడదు. అలాగని ఐదు సీట్ల తెల్ల ప్లేటు (సొంత వాడకం) బండిలో వ్యాపారం సామాను తోలితే, ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర గొడవ. పసుపు ప్లేటు (వ్యాపార వాడకం) కార్గో తీసుకుని కుర్రాళ్లని బైకుల మీద పంపడమే మంచిది. మీకు కారు లైసెన్సు ఉంటే చాలు, ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల లైసెన్సు) మీద 7,500 కేజీల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. పసుపు ప్లేటుకి 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్. కాబట్టి 2020 తర్వాతి బండే వెతకండి, లేదంటే మళ్లీ అదే తిరుగుడు.

భీమిలి డ్రైవర్:
నేనైతే పికప్ అమ్మొద్దంటాను. అలాంటి ఇంజన్ మళ్లీ దొరకదు. బాడీ ఫ్లోరు కొత్త రేకు వేయించి పైన ఇనుప కంటైనర్ కట్టించుకుంటే వాన బాధ పోతుంది. సింహాచలం కొండ మీదకి లోడుతో ఎక్కాలంటే దాని బలమే వేరు. సీఎన్‌జీ ఈకో మాత్రం వద్దు అన్నా, సిలిండర్ సామాను చోటు తినేస్తుంది, ఎత్తులో లాగదు, మూడేళ్లకోసారి సిలిండర్ టెస్టు కూడా.

మర్రిపాలెం కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న కాటా వేయించాను, నీళ్ల క్యాన్లు తీసేస్తే 380 కేజీలు వచ్చింది. భీమిలి అన్నా, కంటైనర్ మాట నాన్నకి బాగా నచ్చింది, కానీ ఏటా ఫిట్‌నెస్ తిప్పలు తప్పవు కదా, అందుకే పెట్రోల్ కార్గోనే చూస్తున్నాను. కంచరపాలెంలో 2021 బండి ఒకటుంది, ఓనర్ బేకరీకి వాడాడట.

ఆటోనగర్ మెకానిక్:
బేకరీ బండైతే ఫ్లోరు బాగుండే అవకాశం ఎక్కువ. అయినా లిఫ్ట్ ఎక్కించి చూడందే అడ్వాన్స్ ఇవ్వకు. పొద్దున్నే వెళ్లు, వాళ్లు ముందే వేడి చేయకుండా చల్లటి ఇంజన్‌నే స్టార్ట్ చేయించి విను. మీ గ్యాస్ బండలు మూసిన వ్యాన్‌లో వేడి పొయ్యిల పక్కన పెట్టొద్దు, నిలబెట్టి తాడుతో కట్టు, అద్దం కాస్త దించి ఉంచు.