ఫ్యాషన్ డిజైన్ చదవాలనుంది, ఎవరికీ హాని చేయని బట్టల కోసం. గుంటూరు, బెజవాడ వాళ్ళు సలహా ఇవ్వండి

బ్రాడీపేట అమ్మాయి:
అందరికీ నమస్కారం. ఇంటర్ ఎంపీసీ అయిపోవచ్చింది. ఇంట్లో బీటెక్ అంటున్నారు, నాకు మనసు ఫ్యాషన్ డిజైన్ మీద ఉంది. ర్యాంప్ షోల కోసం కాదు. బట్ట ఎక్కడ పుడుతోంది, ఎవరు కుడుతున్నారు, వాళ్ళకి ఎంత ముడుతోంది, రంగునీళ్ళు ఏ కాలవలో కలుస్తున్నాయి, ఇవన్నీ పట్టించుకుంటూ డిజైన్ చేయడం నేర్చుకోవాలి. హైదరాబాద్ నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)లో ఫ్యాషన్ డిజైన్ మంచిదా, మన ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)లో టెక్స్‌టైల్ మంచిదా? పోర్ట్‌ఫోలియోకి ఇప్పటినుంచే ఏం చేయాలి? పీజీకి లండన్ వెళ్ళడం అవసరమా? అప్పు చేసి చదివితే తీర్చగలిగే ఉద్యోగం వస్తుందా? హాస్టల్ సంగతి కూడా చెప్పండి.

నిఫ్ట్ సీనియర్:
రెండూ నాలుగేళ్ళ బీడిజైన్ కోర్సులే. నిఫ్ట్‌లో ముందు క్రియేటివ్ ఎబిలిటీ, జనరల్ ఎబిలిటీ పేపర్లు, ఆ తర్వాత సిట్యుయేషన్ టెస్ట్. అక్కడ ఇచ్చిన సామాన్లతోనే ఒక మోడల్ చేయాలి. ఎన్ఐడీకి డాట్ అనే డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్, అందులో ప్రిలిమ్స్, మెయిన్స్. కోచింగ్ వాళ్ళు బట్టీ పట్టించే బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయి, చూసేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. మీ వీధిలో టైలర్ కూర్చునే తీరు, రైతుబజార్లో గోనెసంచి మడతలు, అలాంటివి రోజూ గీయండి. ఎంపీసీ కాబట్టి బీఎఫ్‌టెక్ (ఫ్యాషన్ టెక్నాలజీ డిగ్రీ) కూడా రాయొచ్చు, దానికి మ్యాథ్స్ ఉండాలి. ఫ్యాక్టరీలో పని ఎలా నడుస్తుందో అందులో బాగా నేర్పుతారు. నీతి గురించి మాట్లాడేవాళ్ళకి ఆ సంగతి తెలియాలి.

మంగళగిరి నేతబిడ్డ:
చెల్లెమ్మా, ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలోనే మొదలైంది, తర్వాత అమరావతిలో శాఖమూరుకి వెళ్ళింది. మా మగ్గాలకి దగ్గరే. కానీ నా బాధ వేరు. డిజైన్ కాలేజీల పిల్లలు మా ఇంటికి వస్తారు. గుంట మగ్గం ఫొటో, నాన్న చేతుల ఫొటో, నిజాం బోర్డరు ఫొటో తీసుకుంటారు. డాబీ (మగ్గం మీద బుటా, అంచు డిజైన్ తెచ్చే అమరిక) ఎలా కట్టామో అడిగి రాసుకుంటారు. ఆ పూటంతా మగ్గం ఆగిపోతుంది, ఆ పూట కూలీ పోతుంది. నెలల తర్వాత అదే బోర్డరు ఎవరి కలెక్షన్లోనో కనిపిస్తుంది. కింద డిజైనర్ పేరు ఉంటుంది, నేసినవాడి పేరు ఉండదు. "నేతన్నలను ఆదుకుంటున్నాం" అని రాస్తారు. మేం ఆదుకోమని అడగలేదు. పని చేయించుకుంటే కూలీ ఇవ్వండి, డిజైన్ మాదైతే పేరు వేయండి. ఈ రెండూ నేర్పే కాలేజీ ఏదో చెప్పండి, నేనే వచ్చి దణ్ణం పెడతా.

లబ్బీపేట బొటిక్:
నేతబిడ్డ గారి ఆవేదన నిజమే. నేను మాత్రం నమ్మకంగా చేస్తున్నా. పెడన నుంచి అన్నీ సహజ రంగుల కలంకారీనే తెప్పిస్తా, కెమికల్ అన్నదే ముట్టను. కరక్కాయ, దానిమ్మ తొక్క, బెల్లం, ఇనుము, అంతే. పసిపిల్లకి కూడా భయం లేకుండా తొడగొచ్చు. బెంగళూరు నుంచి వచ్చి మరీ కొనుక్కెళ్తున్నారు. అమ్మాయ్, డిగ్రీ కన్నా ఇలాంటి మెటీరియల్ మీద పట్టు ముఖ్యం.

రంగుల మేస్త్రి:
మేడం గారూ, మీ దగ్గర ఎరుపు ఉందా? ఉంటే అది దేనితో వచ్చింది?

లబ్బీపేట బొటిక్:
వేరుతో. మా సప్లయర్ చెప్పాడు.

రంగుల మేస్త్రి:
మూడు తరాలుగా మాది రంగుల ఇల్లు. మీ సప్లయర్ కన్నా నాకే ఎక్కువ తెలుసు, ఆ మాట ధైర్యంగా చెప్తా. ఒకప్పుడు మన తీరంలో ఎరుపంటే చిరువేరు. నిజాంపట్నం దగ్గర పెరిగిన వేరుకి డచ్చి వర్తకుల కాలంలోనే పేరుండేది. ఇప్పుడు పెడన, బందరులో ఎక్కువ చోట్ల వాడేది అలిజరిన్. డబ్బాలో వచ్చే పొడి. 1868లో జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దాన్ని ల్యాబులో తయారుచేశారు. కరక్కాయలో నానబెట్టిన గుడ్డ మీద పటికతో అచ్చు వేస్తాం. తర్వాత పారే నీళ్ళలో జాడించి, అలిజరిన్, జాజి ఆకు వేసి ఉడకబెడతాం. పటిక పడ్డ చోటే ఎరుపు పడుతుంది. పద్ధతి పాతదే, పొడి మాత్రం ఫ్యాక్టరీది.

లబ్బీపేట బొటిక్:
అంటే నేను కస్టమర్లని మోసం చేస్తున్నానా? మీరు ఎవరో తెలియదు, నా వ్యాపారం మీద బురద చల్లకండి.

రంగుల మేస్త్రి:
మోసం అనలేదు. తెలియకుండా అమ్ముతున్నారు అన్నా. ఇంకో మాట వినండి. చిరువేరులో ఎరుపునిచ్చేది ఏదో, డబ్బాలో ఉన్నదీ అదే. ఒకటే అణువు. పొడి వాడినంత మాత్రాన పాపం కాదు. ఉడకబెట్టిన నీళ్ళు ఎక్కడ పోస్తున్నారన్నది అసలు ప్రశ్న. రంగు చెట్టు నుంచే వచ్చినా దాన్ని పట్టించడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వాడితే ఆ నీళ్ళు చేపల్ని చంపుతాయి. "సహజం" అని లేబుల్ వేస్తే నీళ్ళు శుభ్రపడవు.

పటమట కెమిస్ట్రీ సార్:
మేస్త్రి గారు చెప్పింది చాలావరకు సరే. ఒక్కటి చేరుస్తా. వేరులో అలిజరిన్ ఒక్కటే ఉండదు, ఇంకొన్ని రంగులు కలిసి ఉంటాయి. అందుకే వేరు ఎరుపుకి ఆ లోతు వస్తుంది. అసలు భయపడాల్సింది అజో అనే కృత్రిమ రంగుల్లో కొన్నింటి గురించి. అవి విడిపోయి క్యాన్సర్ కారకాలు తయారవుతాయి. వాటిని జర్మనీ 1994లో ఆపింది, మన దేశం 1997లో నిషేధించింది. అలిజరిన్ ఆ కోవలోది కాదు.

లబ్బీపేట బొటిక్:
సార్, మీరు కూడా ఆయన పక్షమే. కస్టమర్‌కి అణువులు అక్కర్లేదు, నమ్మకం కావాలి.

మంగళగిరి నేతబిడ్డ:
నిజం చెప్తేనే కదా మేడం నమ్మకం? మా దగ్గరా ఇదే గోల. పవర్‌లూమ్ మీద నేసింది మంగళగిరి అని అమ్ముతున్నారు. 1985 చట్టం ప్రకారం పదకొండు రకాలు చేనేతకే కేటాయించారు, అందులో చీర కూడా ఉంది. అయినా షాపుల్లో దొరుకుతూనే ఉంది. బెజవాడ వస్త్రలత మార్కెట్లో మీటర్ల లెక్కన అమ్మే "మంగళగిరి కాటన్" ముట్టుకుంటేనే మాకు తెలిసిపోతుంది.

రంగుల మేస్త్రి:
స్క్రీన్ ప్రింట్ గుడ్డని కలంకారీ అని అమ్మడం ఇంకా ఘోరం. టేకు అచ్చు చెక్కేవాడి పొట్ట కొట్టడమే అది. దాని గురించి ఒక్క బొటిక్ కూడా మాట్లాడదు.

లబ్బీపేట బొటిక్:
నా దగ్గర స్క్రీన్ ప్రింట్ ఒక్కటి చూపించండి, షాపు మూసేస్తా. అలిజరిన్ సంగతి సప్లయర్‌ని అడుగుతా. కానీ మాట్లాడే పద్ధతి నేర్చుకోండి.

కొత్తపేట టైలరక్క:
మీరంతా గుడ్డ గురించే కొట్టుకుంటున్నారు. కుట్టేవాళ్ళ సంగతో? పెళ్ళిళ్ళ సీజన్లో మగ్గం వర్క్ బ్లౌజుకి వేలు తీసుకుంటారు, రాత్రంతా చమ్కీలు కుట్టిన కుర్రాడికి ఇచ్చేది అందులో ఎంత? ఎక్కువమంది బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు, షాపు వెనక గదిలోనే పడుకుంటారు. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలిపోయి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలకి పగుళ్ళు కనిపించాయి, అయినా పనిలోకి రమ్మన్నారు. మనం ఆ వార్త చూసి అయ్యో అన్నాం. మన గదుల్లో కిటికీ ఉందా, మంటలొస్తే బయటికి దారి ఉందా అని ఎవరైనా చూశారా? అమ్మా బ్రాడీపేట అమ్మాయీ, నువ్వు ఏ కాలేజీలో చేరినా ముందు కుట్టు నేర్చుకో. చంక భాగం ఎలా తిరుగుతుందో చేత్తో తెలియని డిజైనర్ గీసిన బొమ్మని సరిచేయడానికి మా ప్రాణం పోతుంది. దానికి డబ్బులు కూడా ఇవ్వరు.

ఒక తండ్రి, తెనాలి:
కాలేజీల గురించి అడిగింది కాబట్టి చెప్తున్నా. మా అబ్బాయిని ఒక ప్రైవేటు డిజైన్ కాలేజీలో చేర్చా. బ్రోషర్ నిండా సస్టైనబిలిటీ అనే మాటే. లోపల ఆ పేరుతో ఒకే ఒక్క సబ్జెక్టు, అదీ గెస్ట్ లెక్చరర్. ఫీజు కట్టేముందు మూడు అడగండి: డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ ఏది, దానికి యూజీసీ గుర్తింపు ఉందా, పోయినేడు పాసైన పిల్లలు ఎక్కడ పని చేస్తున్నారు. మూడోదానికి పేర్లతో జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. మాకు ఎవరూ చెప్పలేదు, లోను మాత్రం నెలనెలా కడుతున్నాం.

తిరుపూర్ రిటర్న్:
ఉద్యోగాల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. "ఎథికల్ డిజైనర్" అని ప్రకటన రాదు. ఎక్స్‌పోర్ట్ కంపెనీల్లో సోర్సింగ్, కంప్లయన్స్, సోషల్ ఆడిట్, మర్చండైజింగ్, ఈ పేర్లతో వస్తాయి. తిరుపూర్‌లో రంగునీళ్ళు నొయ్యల్ నదిని చంపేస్తే, 2011లో మద్రాస్ హైకోర్టు డైయింగ్ యూనిట్లు మూయించింది. చుక్క బయటికి వదలకుండా శుద్ధి చేసుకునేవాళ్ళకే మళ్ళీ తెరిచే వీలు దొరికింది. అక్కడ నేర్చుకున్నది ఏ క్లాసులోనూ రాదు. జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు), కౌంటు (నూలు సన్నదనం), లీటరు నీళ్ళ ఖర్చు, పీసుకి కుట్టుకూలీ, ఇవి లెక్కగట్టగలిగే డిజైనర్ మాట యజమాని వింటాడు. ఇంకోటి, కటింగ్ టేబుల్ మీద సుమారు 15 శాతం గుడ్డ ముక్కలుగా పోతుందని మా రంగంలో అందరూ అనే లెక్క. ప్యాటర్న్ బాగా కూర్చే పిల్లకి అక్కడే విలువ.

సత్యనారాయణపురం పిన్ని:
గుడ్డ ముక్కలన్నారు కాబట్టి అడుగుతున్నా, మా అమ్మాయి పెళ్ళికి పురుగుని చంపని పట్టుచీర కావాలంటోంది. బెజవాడలో దొరుకుతుందా?

పటమట కెమిస్ట్రీ సార్:
అహింసా పట్టు అంటారమ్మా. ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు ఆ పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. పట్టుపురుగు సీతాకోకచిలుకై గూడు చీల్చుకుని బయటికి వెళ్ళాక నూలు వడుకుతారు. పోగు తెగి ఉంటుంది కాబట్టి మామూలు పట్టులా మెరవదు, మెత్తగా ఉంటుంది. ధర ఎక్కువ.

సత్యనారాయణపురం పిన్ని:
మెరవకపోతే వియ్యపురాలు ఒప్పుకోదు సార్. వెదురు గుడ్డ అని ఇంకోటి చూపించారు, అది మంచిదేనా?

తిరుపూర్ రిటర్న్:
వెదురు పేరుతో అమ్మేది చాలావరకు విస్కోస్ అనే కృత్రిమ దారమే పిన్నిగారూ. గుజ్జుని కార్బన్ డైసల్ఫైడ్‌తో కరిగిస్తారు. ఆ ఆవిరి పీల్చే కార్మికుల నరాలు దెబ్బతింటాయి. చెట్ల గుజ్జుతోనే చేసే లయోసెల్ అనే దారం కొంత నయం, అందులో ద్రావకాన్ని దాదాపు మొత్తం తిరిగి వాడతారు.

లామ్ రైతు:
ఆర్గానిక్ కాటన్ అని గుంటూరు షాపుల్లో బోర్డులు చూస్తుంటే కడుపు మండుతోంది. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక మా చుట్టుపక్కల పత్తి అంతా బీటీనే. బీటీ విత్తనానికి ఆర్గానిక్ సర్టిఫికెట్ ఇవ్వరు. మారాలంటే బీటీ కాని విత్తనం దొరకాలి, పక్క చేను నుంచి కలవకూడదు, ఆర్గానిక్‌కి మారే రెండేళ్ళూ దిగుబడి తగ్గినా మామూలు రేటుకే అమ్ముకోవాలి. గులాబీ పురుగు వచ్చిన ఏడు మందు కొట్టకుండా ఎవరు నిలబడతారు? డిజైనర్లు ఆర్గానిక్ కావాలంటారు, ఆ రెండేళ్ళ నష్టం పంచుకుంటాం అని ఒక్కరూ అనరు. కౌలు రైతుకి అసలు వీలే కాదు, వచ్చే ఏడు ఆ పొలం ఎవరిదో.

నిఫ్ట్ సీనియర్:
లండన్ గురించి: లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్‌లో 2008 నుంచి సెంటర్ ఫర్ సస్టైనబుల్ ఫ్యాషన్ ఉంది, పరిశోధన బాగుంటుంది. కానీ డిగ్రీ అవగానే అప్పుతో పరిగెత్తొద్దు. ముందు ఇక్కడ పని చేయండి. తక్కువ ఖర్చులో నేత లోతుగా తెలియాలంటే వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరుతో ఉన్న చేనేత టెక్నాలజీ సంస్థ చూడండి, అది మూడేళ్ళ డిప్లొమా.

రంగుల మేస్త్రి:
డిప్లొమాలో రంగుల గురించి చెప్పేది పైపైనే. నా దగ్గరికి పంపండి.

మంగళగిరి నేతబిడ్డ:
మేస్త్రి గారూ, ఆ డిప్లొమా మా తమ్ముడు చేశాడు. పడుగు లెక్క, నూలు లెక్క, డిజైన్ గ్రాఫు అన్నీ నేర్చుకుని వచ్చాడు. తెలియకుండా తీసిపారేయకండి.

బ్రాడీపేట అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. రెండు ఎంట్రన్సులూ రాస్తా. సీటు వస్తే టెక్స్‌టైల్ వైపే మొగ్గు, నాన్నకి తిరుపూర్ అన్న రాసింది చదివి వినిపించా. టైలరక్కా, సెలవుల్లో మీ దగ్గర కుట్టు నేర్పుతారా? నేతబిడ్డ అన్నా, మీ మగ్గం చూడటానికి రావచ్చా? ఆ పూట కూలీ ఇస్తా, అడగకుండా ఫొటో తీయను.

కొత్తపేట టైలరక్క:
రామ్మా. శ్రావణం మొదలైతే ఊపిరాడదు, అంతకుముందే రా. కత్తెర నీదే తెచ్చుకో.

మంగళగిరి నేతబిడ్డ:
పెద్ద వాన పడితే గుంటలోకి నీళ్ళొచ్చి మగ్గం ఆగుతుంది, అప్పుడు రావద్దు. పడుగు ఎక్కించే రోజు కబురు చేస్తా, ఆ పని చూడాలి. పేరు వేసే సంగతి మాత్రం నువ్వు డిజైనర్ అయ్యాక అడుగుతా.

లామ్ రైతు:
పత్తి తీతలప్పుడు మా చేను దగ్గరికి కూడా రండి. ఎండెక్కక ముందే రావాలి.

సత్యనారాయణపురం పిన్ని:
హాస్టల్ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం.