ఎల్‌కేజీ పిల్లల అమ్మానాన్నల్ని తరగతికి పిలుస్తున్నాం, వాళ్లచేత ఏం చేయించాలి?

సపోటాచెట్టు (ప్రశ్న):

నమస్కారం. అనకాపల్లి జిల్లాలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ చెప్తున్నాను. ఈ ఏడాది నుంచి వారానికొక పిల్లాడి ఇంటివాళ్లు తరగతికొచ్చి తమకొచ్చిన విద్య చూపించాలని మా ప్రిన్సిపాల్ మేడమ్ అన్నారు. ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలట. ఆలోచన నాకూ నచ్చింది. కానీ గ్రూపులో ‘మీ టాలెంట్ ఏమిటి?’ అని అడిగితే ముగ్గురే పలికారు. ఒకావిడది కూచిపూడి, ఒకాయనది కీబోర్డు, ఇంకొకావిడ కేకులు చేస్తారు. మిగతావాళ్లు ఉలకరు, పలకరు. గేటు దగ్గర పట్టుకుని అడిగితే ‘మాకేం వచ్చు మేడమ్’ అని నవ్వేసి వెళ్లిపోతున్నారు.

ఆటో తోలే నాన్నలున్నారు, మిషను కుట్టే అమ్మలున్నారు. ఒకబ్బాయి తాతగారు ఏటికొప్పాక లక్క బొమ్మలు చేస్తారు, కర్రవి. ఒక పాప వాళ్లమ్మది ఒడిశా, ఆవిడకి తెలుగు రెండు ముక్కలే. వీళ్లని వదిలేసి ఆ ముగ్గురితోనే ఏడాది నడిపించడం నాకిష్టం లేదు. ఎలా పిలవాలి? వచ్చాక నాలుగేళ్ల పిల్లలతో ఏం చేయించాలి?

మంచుఊరు:

మేం అమెరికాలో, షార్లెట్‌లో ఉంటాం. సంక్రాంతికి మా బాబు ప్రీస్కూలు వాళ్లు రమ్మంటే అరిసెలు పట్టుకెళ్దామనుకున్నా. నువ్వులు, పల్లీలు తగిలినవేవీ లోపలికి రానివ్వమన్నారు, ఎలర్జీల భయం. అప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. బియ్యప్పిండి డబ్బా చంకన పెట్టుకుని వచ్చి, నల్ల చార్టు మీద చుక్కలు పెట్టి ముగ్గేశారు. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పిల్లలు మాత్రం ఆవిడ వేళ్లకేసి చూస్తూ చిటికెడు చిటికెడు పిండి పోశారు. గీతలు రాలేదు, కుప్పలు పడ్డాయి, అదొక సంబరం. మీ దగ్గర కూడా తిండి పెట్టించేముందు తల్లుల్ని ఒకసారి అడగండి, ఎవరికి ఏది పడదో.

చోడిపిండి:

అమ్మా, నేను యలమంచిలి వైపు అంగన్‌వాడీలో చేసి రిటైరయ్యాను. మా కేంద్రానికి అమ్మలు, అమ్మమ్మలు రావడం కొత్తేం కాదు, నెలకోసారి ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, చదువు) రోజని పెట్టి పిలిచేవాళ్లం. వచ్చి గోడకానుకుని కూర్చునేవారు. వాళ్లచేత పని చేయించడమే కష్టం.

ముందు ఆ ‘టాలెంట్’ అన్న మాట తీసేయండి. ఆ మాట వినగానే స్టేజీ, మైకు, టీవీలో పాటల పోటీలు గుర్తొస్తాయి. అందుకే మీకు కూచిపూడి, కీబోర్డు వచ్చాయి. గేటు దగ్గర నేను ఇలా అడిగేదాన్ని: ‘ఏమ్మా, మీ పిల్ల ఇంటికాడ నీ వెనకాలపడి ఏం చేసిపెట్టమని గోల చేస్తాది?’ ఇక చూసుకోండి. ఒకామె ‘కొబ్బరాకుతో గడియారం చేసి చేతికి కట్టమంటాదండి’ అంటుంది. ఇంకొకామె ‘రొయ్యలు వలుస్తుంటే పక్కనే కూర్చుని మీసాలు లెక్కెడతాది’ అంటుంది. అదిగో, అదే కావాలి మీకు.

రెండోది వేళ. కూలికెళ్లే మనిషి పదకొండు గంటలకి మీ బడికొస్తే ఆ పూట కూలి పోయినట్టే. పిల్లాణ్ణి దింపడానికొచ్చినప్పుడే పావుగంట ఉండమనండి, పోయి పని చూసుకుంటారు. తాతలు, అమ్మమ్మలైతే తీరుబడిగా ఉంటారు, వాళ్లనే ఎక్కువ పిలవండి. పావుగంట దాటితే నాలుగేళ్లవాడు ఎలాగూ కూర్చోడు.

మూడోది, ఇది గట్టిగా చెప్తున్నాను: వచ్చినవాళ్లు చేసి చూపించడం, పిల్లలు చప్పట్లు కొట్టడం, ఫొటో, అయిపోయింది, ఇలా నడపొద్దు. నలుగురైదుగురు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టండి, మిగతావాళ్లు వేరే ఆటలో ఉండనీండి. ప్రతి పిల్ల చేతిలోనూ ఏదో ఒకటి పడాలి. ఒక నాయనమ్మ మాకు తిరగలి తెచ్చి చోళ్లు, అదే రాగులు, విసిరింది. పిల్లలు ఇద్దరిద్దరు పిడి పట్టుకుని తిప్పారు. పిండి ఎటునుంచి రాలుతోందా అని ఒకడు తిరగలి కింద తల పెట్టాడు. ఆ పిండితోనే అంబలి కాచాం. ఇంట్లో అంబలి ముట్టని పిల్లలు అక్కడ గ్లాసు నాకారు.

చిన్న వస్తువులతో జాగ్రత్త. వామనగుంటలు ఆడిద్దామని చింతపిక్కలు తెస్తారు. ఆ వయసువాళ్లకి పిక్క కనిపిస్తే ముక్కులోకో చెవిలోకో పోవాల్సిందే. నేను నిమ్మకాయంత గులకరాళ్లు పెట్టించేదాన్ని. మిషను కుట్టే అమ్మ వస్తే గుండీలు, సూదులు ఇంటిదగ్గరే వదిలేసి గుడ్డపీలికలు తెమ్మనండి. మూడు పీలికలు కలిపి జడ అల్లడం నేర్పిస్తే చాలు, వారం రోజులు దాంతోనే ఆడతారు.

ఏటికొప్పాక తాతగారు మీకు దొరకడం అదృష్టం. ఆయన్ని కర్ర తిప్పే లేతు మిషను తీసుకురమ్మనకండి, అది తరగతిలో ఉండాల్సింది కాదు. అంకుడు కర్ర ముక్కలు కొన్ని తెమ్మనండి, చెక్కు తీసినవి, తీయనివి, సగం తిప్పినవి, రంగు పట్టినవి. కర్ర మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. వేరే కర్ర ముక్క పక్కన పెడితే పిల్లలే చేతిలో తూచి చెప్తారు తేడా. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుందన్న సంగతి ఆయన నోటితోనే చెప్పించండి. మా అందరి ఇళ్లలో లక్కపిడతలు ఉండేవి. మీ తరగతిలో అవి లేనివాళ్లే ఎక్కువుంటారేమో! ఆ బొమ్మలకి 2017లో, ఫలానా ఊరి సరుకని చాటే జీఐ గుర్తింపు వచ్చింది, సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవి పిల్లలకి అక్కర్లేదు, మీ ప్రిన్సిపాల్‌కి చెప్పండి, పనికొస్తాయి. తాతగారు వెళ్లాక పసుపు నీళ్లు, నీలిమందు నీళ్లు రెండు గిన్నెల్లో పోసి కలపనివ్వండి. ఆకుపచ్చ వస్తే వాళ్ల మొహాలు చూడాలి.

ఒడిశా అమ్మని తప్పకుండా పిలవండి. ఇటుక బట్టీల్లో పనికొచ్చిన ఒకావిడ పిల్ల మా కేంద్రానికి వచ్చేది. చాలా రోజులు నోరు విప్పలేదు. వాళ్లమ్మ వచ్చి వేళ్లు చూపిస్తూ ‘ఎక, దుయి, తిని, చారి, పాంచ’ అంది. మా పిల్లలు ఒక్కసారికే పట్టేశారు. మర్నాటి నుంచి ఎక్కడ తప్పు చెప్పినా ఆ పిల్లే దిద్దేది, ఒకటే అధికారం! మీ పిల్లకీ అలాంటి పూట ఒకటి దొరకనీండి.

ఒక చిక్కు కూడా చెప్తాను. అమ్మ వచ్చిన రోజు సొంత పిల్ల ఏడుస్తుంది, ఒళ్లోంచి దిగదు, పక్క పిల్లని అమ్మ ముట్టుకుంటే కొడుతుంది. ముందే ఆ పిల్లకి ఒక పని అప్పగించండి. బుట్ట పట్టుకోవడం, ముక్కలు పంచడం లాంటిది.

జముకు:

అంగన్‌వాడీ టీచర్ గారి మాటలు బాగున్నాయి. ఒక్కటి కలుపుతాను. దయచేసి ‘మీ వృత్తి చూపించండి’ అని అడగొద్దు, గోడమీద ‘మా అమ్మానాన్నల పనులు’ అని చార్టు అసలే వద్దు. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. మా నాన్న బట్టలు ఉతికేవారు. బడిలో ఒక మాస్టారు నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, ఇంటి పనితోనే పిలిచేవారు, పిల్లలూ అదే పట్టుకున్నారు. మన ఊళ్లలో పని అడిగితే కులం అడిగినట్టే. బొమ్మలు చేసే తాతగారికి చప్పట్లు పడతాయి, జీఐ ఉంది, పద్మశ్రీ ఉంది. చెప్పులు కుట్టే తాతగారు వస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

మా నాన్నకి జముకు వాద్యం వాయిస్తూ జముకుల కథలు పాడటం వచ్చు. రాత్రి పూట మా వీధంతా కూర్చుని వినేది. బడివాళ్లెవరూ ఆ సంగతి అడగలేదు.

చోడిపిండి:

బాబూ, నువ్వన్నది నిజం. నేను పని అడగను, పిల్లతో ఇంట్లో ఏం చేస్తారో అడుగుతాను, కారణం కొంత ఇదే. కానీ పనిని పూర్తిగా దాచేయమంటే మాత్రం ఒప్పుకోను. చెప్పులు కుట్టే తాత తనంతట తాను ‘నేను వస్తాను’ అంటే, బొమ్మల తాతకి వేసిన కుర్చీయే ఆయనకీ వెయ్యాలి. ఏం చూపిస్తారన్నది వాళ్ల ఇష్టం, టీచరు ముందే ఊహించి రాసేసుకోకూడదు.

గునుగుపువ్వు:

మాది సిద్దిపేట దిక్కు. మా బిడ్డ అంగన్‌వాడికి పోతది. బతుకమ్మ పండుగకు టీచర్ మా అత్తమ్మను రమ్మన్నది. అత్తమ్మ పొద్దుగాల్నే పోయి తంగేడు, గునుగు తెంపుకొచ్చింది. గునుగుకు రంగులద్దుడు పిల్లలకే ఇడిసిపెట్టింది, చేతులన్నీ ఎర్రగయినయి. తాంబాళంల గుమ్మడాకులు పరిచి పిల్లలే పేర్చిన్రు. బతుకమ్మ ఒక దిక్కు ఒరిగింది, అయినా అదే మధ్యల పెట్టుకొని ఆడిన్రు. పండుగ అంటే వట్టి షో అనుకోకున్రి, పిల్లల చేతులు పడితే మంచిగనే ఉంటది. గాని అందరి ఇంట్ల ఆ పండుగ ఉండదు గదా, రంజాన్ చేసెటోళ్లను, క్రిస్మస్ చేసెటోళ్లను గుడ యాదికుంచుకోవాలె.

సపోటాచెట్టు:

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ గేటు దగ్గర టీచరమ్మ చెప్పిన ప్రశ్నే వేశాను. ఒక ఆటో నాన్న ‘రాత్రి గోడమీద చేతులతో కుక్క, కుందేలు నీడలు వేస్తే గానీ పడుకోడు మేడమ్’ అన్నారు. కర్టెన్లు వేసి, టార్చిలైటుతో మొదట ఆయన చేతే చేయిస్తాను. చార్టు ఆలోచన నిజంగానే నా మనసులో ఉండేది, మానేశాను. రెండు సందేహాలు మిగిలాయి. ఫొటోలు వద్దంటే మేడమ్ ఊరుకోరు, ఏం చెప్పను? ఎవరూ రాలేని పిల్లల సంగతేంటి? ఒక బాబు అమ్మానాన్నలు ఇద్దరూ హైదరాబాదులో పని చేస్తున్నారు, ముసలి తాత దగ్గర ఉంటాడు. ఆయనకి నడక కష్టం.

చోడిపిండి:

మీ మేడమ్‌కి ఇలా చెప్పండి. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2022లో జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది, ఆటలు, పాటలు, కథలు, బొమ్మలతోనే చదువు చెప్పమంటోంది. మనం చేసేది అదే అంటే బడికి గొప్పే కాబట్టి ఆవిడ వింటారు. ఫొటోలు పిల్లల చేతులవీ, చేసిన వస్తువులవీ తియ్యండి. మొహాలు గ్రూపులో పెట్టాలంటే ఇంటివాళ్లని ముందు అడగండి.

తాత సంగతంటారా, ఆయన ఫోనులో ఒక కథ చెప్తే రికార్డు చేసి పిల్లలకి వినిపించండి. మాటకి మధ్య దగ్గినా తీసెయ్యకండి, వాడు ‘మా తాత’ అని గుర్తుపట్టేది దాన్నిబట్టే. ఇల్లు దగ్గరైతే పిల్లల్నే వరసకట్టించి ఆయన అరుగు మీదికి తీసుకెళ్లండి, వెంట ఆయానో, ఇంకో టీచరునో ఉంచుకోండి. ఎండ ముదరకముందే వెళ్లి రండి.