అప్‌డేట్: లేవీయకాండము దగ్గర ఆగిపోయే బైబిలు పఠనం

ఆదికాండము నుంచి వరుసగా మొదలుపెట్టిన ప్రతిసారీ బలుల నియమాలు ఎక్కువగా ఉండే మూడో పుస్తకం లేవీయకాండము దగ్గర నా పఠనం ఆగిపోతోందని, ఏం చేయాలని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ వందనాలు.

ముందుగా మార్కు సువార్త చదవమన్నారు. 16 అధ్యాయాలే కాబట్టి త్వరగా పూర్తయింది, ఉత్సాహం వచ్చింది. అసలు మేలు చేసింది మాత్రం లేవీయకాండాన్ని కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రికతో (ఉత్తరంతో) కలిపి చదవమన్న సోదరి మాట. లేవీయకాండము 16వ అధ్యాయంలో ప్రధానయాజకుడు ఏడాదికొకసారి బలి రక్తంతో, ఆరాధన గుడారంలోని లోపలి గది అయిన అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్తాడు. హెబ్రీయులకు 9లో క్రీస్తు తన స్వరక్తంతో ఒక్కసారే ప్రవేశించాడు. ఈ రెండూ పక్కపక్కన చదివిన రోజు చాలాసేపు కూర్చున్నచోటు నుంచి లేవలేకపోయాను. బలుల వివరాలంటే ఉన్న విసుగు అంతటితో పోయింది.

వంటింటి హడావిడి మొదలుకాకముందే చదువుతున్నాను. చదవడం రాని మా అత్తయ్య వింటారని పైకి చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆవిడే నన్ను పిలుస్తున్నారు! ఒకరోజు తప్పితే పాత భాగాలు కూడబెట్టకుండా ఆనాటిదే చదువుతున్నాం.

ప్రస్తుతం సంఖ్యాకాండములో ఉన్నాం. తర్వాత 119వ కీర్తనలోని 22 భాగాలను రోజుకొకటి, అంటే 8 వచనాల చొప్పున వినాలని అత్తయ్య కోరిక.