పిల్లలతో ‘యూరిన్‌టౌన్’ వేయిస్తున్నాం, ముగింపు మార్చాలా?

వింగ్స్ వెనక: న్యూజెర్సీలో మా అమ్మాయి చదివే హైస్కూల్లో డ్రామా టీచర్‌కి దర్శకత్వంలో సాయం చేస్తున్నాను. ఈసారి స్ప్రింగ్ మ్యూజికల్ ‘యూరిన్‌టౌన్’. తెలియనివాళ్లకి కథ ఇదీ: ఇరవై ఏళ్లుగా కరువు. ఇళ్లలో టాయిలెట్లు నిషేధం. ఒకే ఒక్క కంపెనీ నడిపే మరుగుదొడ్లకి డబ్బు కట్టి వెళ్లాలి, బయట కానిస్తే అరెస్టు. బాబీ అనే కుర్రాడు తిరగబడతాడు, చంపేస్తారు. కంపెనీ యజమాని కూతురు హోప్ ఆ ఉద్యమాన్ని గెలిపించి అందరికీ ఉచితం చేసేస్తుంది. కొన్నాళ్లకి నీళ్లు అయిపోయి జనమంతా చచ్చిపోతారు.

కొందరు పేరెంట్స్ బ్యానర్ మీద పేరు మార్చమంటున్నారు, చివర్లో వాన కురిపించమంటున్నారు. నేను రెండూ వద్దంటున్నాను. మీరేమంటారు?

ఎడిసన్ నాన్న: పేరు నా ఇంటి తలనొప్పి. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు, మనవడు ఏ నాటకంలో వేస్తున్నాడని అడుగుతుంటే నీళ్లు నములుతున్నాను. నా అసలు బాధ ముగింపుతో. పదిహేనేళ్లంటే న్యాయం కోసం ప్లకార్డులు పట్టుకునే వయసు. వాళ్ల చేత “ఎదురు తిరిగితే చస్తారు, ఆ దోపిడీ కంపెనీయే నయం” అనిపించడం ఏం దర్శకత్వమండీ?

హార్మోనియం పెట్టె: మీరు ఓట్లేసినా లాభం లేదు. ఈ నాటకం వేసుకునే హక్కులిచ్చే మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మాట మార్చకూడదు. పైగా పేరు మారిస్తే మొదటి సీనే చప్పబడుతుంది. లిటిల్ సాలీ అనే పాప, పోలీసు లాక్‌స్టాక్‌తో మాట్లాడుతూ, చెత్త పేరు పెట్టినా షో మునుగుతుందా అని అడుగుతుంది. బ్యానర్ మీద ఇంకేదో పేరుంటే ఆ జోకుకి ఎవరు నవ్వుతారు? ఆ చెత్త పేరుతోనే 2001లో న్యూయార్క్ బ్రాడ్‌వే ఎక్కి, 2002లో స్క్రిప్టుకి, పాటలకి, దర్శకత్వానికి టోనీ నాటక అవార్డులు కొట్టింది.

అమ్మానాన్నల గురించి బెంగ వద్దు. ఈ నాటకం రాసిన గ్రెగ్ కోటిస్‌కి ఈ ఆలోచన పారిస్‌లో డబ్బులు కట్టే టాయిలెట్ల దగ్గరే వచ్చింది. బస్టాండులో చిల్లర లేక అవస్థ పడ్డ మనవాళ్లకి వేరే చెప్పాలా? తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్కల మాటలకి పగలబడి నవ్విన తరం అది. సిగ్గంతా మనకే.

వింగ్స్ వెనక: ఎడిసన్ నాన్నగారూ, నాటకం కంపెనీని మెచ్చుకోదు. యజమాని కరువు పేరు చెప్పి జేబులు నింపుకున్నాడు. హోప్ ఎన్ని నీళ్లున్నాయో చూడకుండా గేట్లు తెరిచింది. ఇద్దరికీ వాతలు పెట్టారు. వాన కురిసిందా, హోప్ వాత మాయం. 2019లో చెన్నైకి నీళ్లిచ్చే చెరువులు ఎండినప్పుడు మంచి మనసుతో బిందెలు నిండాయా?

ఇంకోటి. టాయిలెట్ దగ్గర డబ్బులు వసూలు చేసే పెన్నీవైజ్ పాత్ర వేస్తున్న అమ్మాయి మొదట్లో విలన్‌లా కనుబొమలు ఎగరేసేది. ఒక్కరూ నవ్వలేదు. “నువ్వు చెడ్డదానివి కావమ్మా, రూల్ అంటే రూలే అనుకునే కౌంటర్ క్లర్కువి. తలెత్తకుండా చిల్లర లెక్కపెట్టు” అన్నాం. ముసలాయన బతిమాలుతుంటే తను నాణేలు దొంతర పెట్టుకుంటూ కూర్చుంది. రిహార్సల్ చూస్తున్న పిల్లలు పడి పడి నవ్వారు. ఆ వెంటనే ఆయన్ని పోలీసులు ఈడ్చుకెళ్తుంటే నవ్వు టక్కున ఆగింది. వాన కురిపిస్తే ఇలా ఆగాల్సిన పనే ఉండదు.

ఎడిసన్ నాన్న: వాతల మాట ఒప్పుకుంటా. కానీ చివర్లో మాల్థస్‌కి జై కొడతారు కదా, ఆయనెవరో మీ పిల్లల్లో ఎందరికి తెలుసు? తెలియకుండా అరిస్తే అది బట్టీయే.

సోషల్ టీచర్, డాలస్: అది చెప్పాల్సిందే. మాల్థస్ ఇంగ్లిష్ ఆర్థికవేత్త, జనాభా తిండికంటే వేగంగా పెరుగుతుందని 1798లో రాశాడు. తర్వాత పంటల దిగుబడి పెరిగి ఆయన అంచనా తప్పింది. అది కూడా పిల్లలు వాదించుకోవాలి. నేనైతే స్టేజీ రిహార్సల్‌కి ముందు ఒక పీరియడ్ దీనికే ఇస్తాను.

ఎడిసన్ నాన్న: ఆ పీరియడ్‌కి పేరెంట్స్‌ని కూడా రానిస్తే సరే. లేదంటే నా ఓటు వానకే.