ఉగాండా పల్లె క్లినిక్‌కి వస్తున్న చీపురుపల్లి చెల్లికి

చీపురుపల్లి నుంచి:
అందరికీ నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ చేసి విజయనగరంలో ఏడాదిన్నరగా పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. తూర్పు ఉగాండాలో ఒక పల్లె పిల్లల క్లినిక్‌కి 3 నెలలు వలంటీరుగా రమ్మన్నారు. ఇక్కడ మందులు పోగుచేసి తెమ్మంటారా? ఇంకా ఏం తెచ్చుకోవాలి? ఇంట్లో ఒకటే టెన్షన్.

కవిటి నుంచి, ఇప్పుడు కంపాలాలో:
చెల్లెమ్మా, ముందు మందుల సంగతి చెప్తాను, ఎందుకంటే అందులో నేను బాగా దెబ్బ తిన్నాను. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. మొదటిసారి వచ్చేటప్పుడు పలాసలో, సోంపేటలో తెలిసిన మందుల షాపులన్నీ తిరిగి సూట్‌కేసు నిండా సిరప్పులు, టాబ్లెట్లు పట్టుకొచ్చాను, పెద్ద దానకర్ణుడిలాగ. ఎయిర్‌పోర్టులో ఆపేశారు. ఇక్కడికి మందులు తేవాలంటే వీళ్ళ నేషనల్ డ్రగ్ అథారిటీ అనుమతి ఉండాలి. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సగం అక్కడే పోయాయి. మిగిలినవి క్లినిక్‌లో నర్సు ఒక్కో సీసా తిప్పి చూసి, ఇది మూడు నెలల్లో ఎక్స్‌పైరీ, ఇది మేం వాడం, ఈ బ్రాండు పేరే వినలేదు అని పక్కన పెట్టేసింది. ఆఖరికి వెనకాల గుంటలో కాల్చారు. ఆ పనీ వాళ్ళ మీదే పడింది.

మాది ఉద్దానం కదా, ఈ వ్యవహారంలో అవతలి పక్క ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో కనిపెడతామని ఎన్ని జట్లు వచ్చి మా రక్తం, మా బావుల్లో నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళాయో, నా రిపోర్టు ఏమయిందిరా అని మా పెద్దమ్మ ఇప్పటికీ నన్నే అడుగుతుంది, నేను ల్యాబ్‌లో చేస్తాను కాబట్టి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు పడిపోయినప్పుడు పాతబట్టల మూటలతో వచ్చినవాళ్ళు, ఇచ్చేముందు మా నాన్నని ఫొటోకి నిలబెట్టారు. చెయ్యి చాచిన ఆ ఫొటో ఎవరి ఫోన్‌లోనో ఉండే ఉంటుంది. కాబట్టి జబ్బు పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగొద్దు. తల్లి ఒప్పుకున్నా వద్దు. ఆ సమయంలో ఆవిడ దేనికైనా ఒప్పుకుంటుంది.

ఇంకో మాట. ఇక్కడ డాక్టరైనా, నర్సైనా, తెల్లకోటు వేసుకున్న ఎవరైనా సరే ముసావో అంటారు, వైద్యం చేసేవాళ్ళని అర్థం. నిన్నూ అంటారు. బాగుంటుంది వినడానికి, అక్కడే మోసం. విజయనగరంలో నీ చేత చెయ్యనివ్వని పని ఇక్కడ ఎవరూ లేరు కదా అని చెయ్యకు. వీళ్ళ నర్సుల కౌన్సిల్‌లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ లేకుండా ఇంజక్షన్ కూడా ముట్టుకోకు. టూరిస్ట్ వీసా మీద వచ్చి పని చెయ్యొచ్చులే అని ఎవరైనా అంటే, ఆ క్లినిక్ మానుకో. పర్మిట్ కాగితాలు పిలిచినవాళ్ళే చూడాలి.

పని ఏముంటుందంటావా, వానల తర్వాత మలేరియా. పిల్లలు హిమోగ్లోబిన్ 4కి పడిపోయి వస్తారు, చిన్న సెంటర్లలో ఎక్కించడానికి రక్తం ఉండదు, పై ఆసుపత్రికి పంపాలి, బండి దొరకాలి. సికిల్ సెల్, అంటే పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు, కూడా ఎక్కువే, సీతంపేట ఏజెన్సీలో చూసినవాళ్ళకి కొత్తేం కాదు. మన అంగన్‌వాడీల్లో జబ్బకి చుట్టే టేపే ఇక్కడా, 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, అంటే పోషణ లేక బాగా చిక్కిపోయినట్టు. అలా ఎండిపోయిన పిల్లని చూడగానే గబగబా సెలైన్ ఎక్కించాలని, కడుపునిండా పెట్టాలని చెయ్యి లాగుతుంది, అది ప్రాణం మీదకి తెస్తుంది. ముందు ఎఫ్-75, అంటే ఇలాంటి పిల్లలకి మొదట్లో పట్టే ప్రత్యేకమైన పాలు, కొంచెం కొంచెంగా, రాత్రంతా. నిజంగా మనుషులు కావలసింది ఆ రాత్రి మూడింటికి పాలు పట్టడానికే.

విశాఖ పోర్ట్ హెల్త్ ఆఫీసులో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు. టీకా వేశాక ఇచ్చే ఆ పసుపు కార్డు లేకపోతే తిరిగి వెళ్ళేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు. మలేరియా రాకుండా ఏ మాత్ర వేసుకోవాలో డాక్టర్ని అడుగు, ఇంటికెళ్ళాక కూడా చెప్పినన్నాళ్ళు వేసుకోవాలి. వెళ్ళాక జ్వరమొస్తే ఉగాండా నుంచి వచ్చానని మొదటి మాటగా చెప్పు.

సాలూరు నుంచి, నర్సుగా ఉగాండాలోనే జింజా దగ్గర రెండేళ్ళు చేశాను:
తమ్ముడు మందులు వద్దన్నది సరే కానీ, ఏమీ తేవద్దన్నట్టు అనిపిస్తోంది. చిన్నపిల్లల వేలికి సరిపోయే పల్స్ ఆక్సీమీటర్ కావాలా అని రాసి అడుగు. మా దగ్గర ఉన్న ఒక్కటీ పెద్దవాళ్ళది, పసివాళ్ళ వేలికి నిలిచేది కాదు. నీకు నువ్వు మోకాళ్ళు దాటే లంగాలు, ప్యాడ్లు, టార్చిలైటు తెచ్చుకో. చీకటిపడ్డాక బోడాబోడా, అంటే బైకు టాక్సీ, ఎక్కకు. తిండికి భయం లేదు, ఇక్కడ పిల్లలకి పట్టేది కూడా చోడి జావే, అదే రాగి జావ. చోళ్ళు మనవే అనుకుంటాం గానీ వాటి పుట్టిల్లు ఈ తూర్పు ఆఫ్రికా కొండలే.
పిల్లలు పోతారమ్మా. మీ వార్డులోకంటే ఎక్కువమంది పోతారు. ఆ రాత్రి ఫోన్ చెయ్యడానికి ఒక మనిషిని ఇప్పుడే అనుకుని పెట్టుకో, అమ్మ కాకుండా.

చీపురుపల్లి నుంచి:
అక్కా, అన్నయ్యా, మీరు చెప్పినట్టే రాసి అడిగాను. రిజిస్ట్రేషన్ వచ్చేవరకు తూకం, టేపు కొలత, రిజిస్టరు, రాత్రి పాలు, అంతేనన్నారు. ఆక్సీమీటర్ కావాలన్నారు. మా అమ్మ అయితే, తూకం వెయ్యడానికి ఉగాండా దాకా ఎందుకే, మన వీధి అంగన్‌వాడీలో వెయ్యొచ్చు కదా అంటోంది.

కవిటి నుంచి:
మీ అమ్మగారికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు చెల్లెమ్మా. పర్మిట్ కాగితం చేతికొచ్చాకే టికెట్ కొను. స్వెట్టర్ పెట్టుకో, భూమధ్యరేఖ కదా అని నేను తెచ్చుకోక రాత్రుళ్ళు వణికాను.