ఫ్లోరోసిస్ మీద ఇన్నేళ్ళు పరిశోధనలు జరిగాయి కదా, ఊళ్ళకు దక్కిందేమిటి?

అడిగినవారు: డిగ్రీ_కెమిస్ట్రీ

మా కాలేజీలో బీఎస్సీ చివరి సంవత్సరం పిల్లలు నల్గొండ జిల్లాలో బోరు నీళ్ళ ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేయబోతున్నారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగడం వల్ల ఎముకలు, పళ్ళు చెడే జబ్బే ఫ్లోరోసిస్. ఊళ్ళోకి వెళ్ళగానే వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసు: "ఎన్నో ఏళ్ళుగా వచ్చి నీళ్ళు పట్టుకెళ్తున్నారు, మాకు ఒరిగిందేమిటి?" ఇది న్యాయమైన ప్రశ్న. పిల్లలు దానికి నిజాయితీగా జవాబు చెప్పగలగాలి.

వైద్యం, భూగర్భశాస్త్రం, రసాయనశాస్త్రం, పోషకాహారం, ఇంజినీరింగ్ అన్నీ ఈ సమస్యను పట్టుకున్నాయి. ఏ శాఖ ఏం తేల్చింది, అందులో ఇంటి దాకా వచ్చింది ఏది? పటిక, సున్నంతో నీళ్ళలోని ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని ఊళ్ళో చేసి చూపించాలంటే కొలతలు ఎంత, ఎక్కడ చెడిపోతుంది? తెలిసినవారు వివరంగా రాయండి.

---

జవాబు 1: జొన్న_అంబలి

వైద్యం, ఆహారం సంగతి నేను రాస్తాను.

మన ప్రాంతంలో ఈ జబ్బును మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో. అప్పటి నెల్లూరు జిల్లాలో నడుం వంగిపోయి, మెడ తిప్పలేక ఉన్నవాళ్ళను షార్ట్, పండిట్, రాఘవాచారి పరిశీలించారు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండటమే కారణమని ప్రచురించారు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఊళ్ళు నేటికీ ఈ జబ్బు పేరుతోనే వినపడతాయి. ఆ పని విలువ చిన్నది కాదు. కీళ్ళవాతమనీ, శాపమనీ అనుకుంటున్నదానికి నీళ్ళు కారణమని తేలింది. కారణం నీళ్ళలో ఉందని తెలిస్తేనే నీళ్ళు మార్చమని అడగగలం.

రెండో మలుపు 1970లలో, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి వచ్చింది. నల్గొండ వైపు పిల్లల్లో, యువకుల్లో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే జబ్బును కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో వివరించారు. ఒకే మోతాదు ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగినా అందరికీ ఒకేలా రావడం లేదు. ఎందుకని వెతికితే ఆహారం దగ్గర తేలింది. జొన్న ప్రధానంగా తినేవాళ్ళ ఒంట్లో వరి తినేవాళ్ళకంటే ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తోందని లక్ష్మయ్య, శ్రీకాంతియా 1977లో చూపించారు. జొన్నలోని మాలిబ్డినం వల్ల ఒంట్లో రాగి తగ్గడం కూడా ఇందులో ఒక కారణమని అదే సంస్థలో పరిశోధించారు.

ఇక్కడ పిల్లలకు ఒక హెచ్చరిక. ఊళ్ళోకి వెళ్ళి "జొన్నన్నం మానేయండి" అని చెప్పకండి. జొన్న మంచి తిండే. చెప్పాల్సింది కాల్షియం సంగతి. పాలు, మజ్జిగ, రాగులు, ఆకుకూరలు అందుతుంటే పేగుల్లో ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. కాల్షియం లోపం ఉన్న పిల్లల్లో ఎముకలు త్వరగా వంగుతాయి.

చింతపండు పరిశోధన గురించీ అడుగుతారు. అదే సంస్థలో ఖండారే బృందం బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చి చూసింది. మూత్రంలో ఫ్లోరైడ్ బయటికి పోవడం పెరిగింది. 2002లో ప్రచురించారు. ఇది మేలైన సంగతే, కానీ వంగిన ఎముకను చింతపండు సరిచేయదు, నీళ్ళు మార్చే పనికి బదులూ కాదు. పంటి మీద గార మచ్చలు కూడా అంతే. ఎనామెల్ తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు పడ్డ మచ్చ తర్వాత పోదు. అందుకే నీళ్ళు మార్చేటప్పుడు ముందుగా చూడాల్సింది అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల.

---

జవాబు 2: నల్లరాయి_తెల్లరాయి

భూగర్భశాస్త్రం తేల్చిన ముఖ్యమైన విషయం ఒకటే: ఈ ఫ్లోరైడ్ ఫ్యాక్టరీది కాదు, రాయిది. నల్గొండ కింద ఉన్నది పురాతన గ్రానైట్, నైస్ రాయి. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్, హార్న్‌బ్లెండ్ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి వస్తుంది. నీళ్ళు క్షారంగా ఉండి, సోడియం, బైకార్బనేట్ ఎక్కువై, కాల్షియం తక్కువైతే మరింత కరుగుతుంది. కాల్షియం ఎక్కువుంటే కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగుతుంది కాబట్టి నీటిలో ఫ్లోరైడ్‌కు ఒక హద్దు ఉంటుంది. వర్షం తక్కువ, ఎండ ఎక్కువ, నీరు పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలవ ఉండటం అన్నీ దీనికి తోడవుతాయి.

దీనివల్ల ఊళ్ళో చేసే పనిలో మూడు సంగతులు మారతాయి. ఒకటి, ఒకే ఊళ్ళో పక్కపక్క బోర్లలో ఫ్లోరైడ్ వేరుగా ఉంటుంది, ఎందుకంటే పగుళ్ళు వేరు. ఒక్క బోరు పరీక్షించి ఊరంతటికీ తీర్పు చెప్పొద్దు. రెండు, "ఇంకా లోతుకు వేస్తే మంచి నీళ్ళు పడతాయి" అన్న ఆశ చాలాచోట్ల తలకిందులవుతుంది. లోతులో నీరు రాయితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది. మూడు, మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి నమూనా తీయాలి. చెరువు కింద బోర్లలో రెండిటికీ తేడా వస్తే వాన నీరు ఇంకి పలుచన అవుతోందని అర్థం, ఆ చెరువు పూడిక తీయించడానికి అదొక గట్టి ఆధారం.

---

జవాబు 3: తేటనీరు

కొలతలు అడిగారు కాబట్టి అవే రాస్తాను. నల్గొండ పద్ధతి 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. దీన్ని గొప్ప యంత్రం అనుకోనక్కర్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, కుళాయి ఉన్న బకెట్ చాలు. అసలు పరిశోధనంతా ఎంత పటిక వేయాలన్న పట్టికలో ఉంది.

ముందు మీ నీటిలో రెండు అంకెలు తెలియాలి: ఫ్లోరైడ్, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి). ఫ్లోరైడ్ ఒక్కటే చూసి పటిక వేస్తే తప్పుతుంది. క్షారత 300 (కాల్షియం కార్బనేట్ లెక్కన లీటరుకు మిల్లీగ్రాములు) ఉన్న నీటికి, ఫ్లోరైడ్ 2 మి.గ్రా. ఉంటే లీటరుకు సుమారు 270 మి.గ్రా. పటిక, 3 మి.గ్రా. ఉంటే సుమారు 350. క్షారత పెరిగేకొద్దీ పటికా పెంచాలి. క్షారత 300, ఫ్లోరైడ్ 3 మి.గ్రా. ఉన్న 40 లీటర్ల నీటికి లెక్క ఇది:

పటిక 14 గ్రాములు. దీన్ని పొడిగా వేయొద్దు. 100 గ్రాములు నీళ్ళలో కరిగించి మొత్తం 1 లీటరు చేసి పెట్టుకుని, అందులోంచి 140 మి.లీ. తీసుకోండి. సున్నం పటికలో ఇరవయ్యో వంతు, అంటే 0.7 గ్రాము. బ్లీచింగ్ పౌడర్ క్రిమి సంహారానికి, చిటికెడు.

బకెట్ కుళాయి అడుగు నుంచి 5 సెం.మీ. పైన ఉండాలి. మొదట సున్నం కలపాలి, తర్వాత బ్లీచింగ్, చివర పటిక ద్రావణం. పటిక పోయగానే ఒక నిమిషం వేగంగా, ఆ తర్వాత 10 నుంచి 15 నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. తెల్లటి పింజలు కనపడతాయి. అప్పుడు కదపకుండా గంట వదిలి, కుళాయి నుంచి తేటను గుడ్డలో వడకట్టి పట్టుకోవాలి.

ఎక్కడ చెడుతుందంటే, ఎక్కువగా తిప్పడం దగ్గర. పింజలు వచ్చాక గబగబా తిప్పితే విరిగి సన్నబడతాయి, గంటలో దిగవు, ఫ్లోరైడ్ పట్టుకున్న అల్యూమినియం తేటతో పాటే కుళాయిలోకి వస్తుంది. పట్టిన నీళ్ళు మసకగా ఉంటే ఆ రోజు తాగొద్దు.

ఇంకొకటి పీహెచ్. ఫ్లోరైడ్ పట్టుబడేది 6.5 నుంచి 7 దగ్గర బాగా. ఒక గ్రాము పటిక దాదాపు అర గ్రాము క్షారతను తినేస్తుంది. క్షారత తక్కువ ఉన్న నీటిలో పీహెచ్ పడిపోయి అల్యూమినియం కరిగి ఉండిపోతుంది. తాగునీటి ప్రమాణంలో అల్యూమినియంకు 0.03, వేరే నీటి ఆధారం లేకపోతే 0.2 మి.గ్రా. దాకా అనుమతి. ఫ్లోరైడ్‌కు 1.0, వేరే ఆధారం లేకపోతే 1.5 మి.గ్రా. దాకా.

నీటిలో మొత్తం కరిగిన లవణాలు 1500 మి.గ్రా. దాటితే ఈ పద్ధతి జోలికి పోవద్దు. పటిక వల్ల సల్ఫేట్ కూడా తోడై నీరు మరింత ఉప్పగా మారుతుంది. అక్కడ ఆర్‌ఓ లాంటిది కావాలి, కానీ ఆర్‌ఓ వదిలే నీటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడి ఉంటుందని గుర్తుంచుకోండి. దాన్ని మళ్ళీ బోరు పక్కనే వదిలేసే ఊళ్ళున్నాయి. అది మానాలి.

---

డిగ్రీ_కెమిస్ట్రీ: చాలా స్పష్టంగా ఉంది. కిరాణా కొట్టులో దొరికే స్ఫటికం పటిక వాడొచ్చా? చికిత్స తర్వాత ఫ్లోరైడ్ ఎలా కొలవాలి? మా దగ్గర ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ ఉంది.

---

జవాబు 4: తేటనీరు

కొట్టులోది ఎక్కువగా పొటాషియం పటిక. అందులో అల్యూమినియం సుమారు 5.7 శాతమే. నేను చెప్పిన అంకెలు నీటి శుద్ధి కేంద్రాల్లో వాడే ఫిల్టర్ పటికకు, అందులో 8 నుంచి 9 శాతం దాకా ఉంటుంది. అంటే కొట్టు పటిక ఒకటిన్నర రెట్లు పడుతుంది. పట్టిక ఏదైనా నమ్మి ఊరుకోకుండా పరీక్షించండి. ఆరు ప్లాస్టిక్ జాడీల్లో ఒక్కో లీటరు మీ బోరు నీళ్ళు పోసి 200, 250, 300, 350, 400, 450 మి.గ్రా. చొప్పున ఫిల్టర్ పటిక వేసి, పైన చెప్పినట్టే తిప్పి, గంట తర్వాత తేటలో ఫ్లోరైడ్, పీహెచ్ చూడండి. ఫ్లోరైడ్ 1 దగ్గరకు వచ్చిన అతి తక్కువ మోతాదే మీ బోరుకు సరైనది. కొట్టు పటికే వాడాలనుకుంటే ఈ పరీక్షను దానితోనే, మోతాదులు పెంచి చేయాలి.

---

జవాబు 5: మిల్లీవోల్టు

కొలత దగ్గర చాలామంది ప్రాజెక్టులు పాడవుతాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

మీ ఎలక్ట్రోడ్‌లో ఉన్నది లాంతనం ఫ్లోరైడ్ స్ఫటికం, కాస్త యూరోపియం కలిపినది. ఇలాంటి ఎలక్ట్రోడ్ గురించి 1966లో ఫ్రాంట్, రాస్ ప్రచురించారు. ఫ్లోరైడ్ అయాన్లు ఒక ఘన స్ఫటికం గుండా కదలడం గురించి చేసిన ఆ రసాయన పరిశోధన వల్లే ఇవాళ మన పిల్లలు ఒక జాడీ నీళ్ళను నిమిషాల్లో కొలుస్తున్నారు. ఏ పరిశోధన ఎక్కడ పనికొస్తుందో ముందే గీత గీయలేమని ఊళ్ళో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

పటిక వేసిన నీటిలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఎలక్ట్రోడ్ స్వేచ్ఛగా ఉన్న అయాన్లనే చూస్తుంది కాబట్టి నేరుగా ముంచితే ఫ్లోరైడ్ తక్కువ చూపిస్తుంది. చికిత్స గొప్పగా పనిచేసిందని సంబరపడతారు, ఒంట్లోకి మాత్రం ఎక్కువే పోతుంది. కాబట్టి నమూనాకు సమాన పరిమాణంలో సీడీటీఏ (లోహాలను పట్టుకునే రసాయనం) ఉన్న టిసాబ్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) కలపాలి. అది అల్యూమినియంను లాక్కుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది, పీహెచ్‌ను 5 నుంచి 5.5 మధ్య నిలుపుతుంది. పీహెచ్ ఇంతకంటే బాగా తగ్గితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఏర్పడుతుంది, బాగా పెరిగితే హైడ్రాక్సిల్ అయాన్లు అడ్డొస్తాయి.

1, 2, 10 మి.గ్రా. ప్రామాణిక ద్రావణాలతో రోజూ సరిచూసుకోండి. వాటికీ అదే బఫర్, అదే పాళ్ళలో. పది రెట్లు మారితే 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి. 54 కంటే తగ్గితే స్ఫటికం మురికి పట్టినట్టు. నమూనాలు ప్లాస్టిక్ సీసాల్లోనే తీసుకోవాలి, గాజు వద్దు. సీసా మీద బోరు గుర్తు, లోతు, తేదీ రాయండి. రంగు పద్ధతి కిట్ వాడేవారికి క్లోరిన్, అల్యూమినియం రెండూ అడ్డొస్తాయి, కాబట్టి బ్లీచింగ్, పటిక వేసిన నీటికి దాని అంకెను నమ్మొద్దు.

---

జవాబు 6: పంచాయతీ_నీళ్ళు

అందరూ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పద్ధతి పనిచేయడం ఒక ప్రశ్న, ఇంట్లో రోజూ చేయడం మరో ప్రశ్న. రోజూ పటిక తూచడం, గంట వేచి ఉండడం, అడుగు మడ్డి పారబోయడం ఎవరి పని? దాదాపు అన్ని ఇళ్ళలో ఆడవాళ్ళదే, పొలం పని మీద అదనంగా. ఈ సంగతి అడిగే సామాజిక పరిశోధన మన దగ్గర చాలా తక్కువగా జరిగింది. మంచి పద్ధతి మూలన పడటానికి అదొక పెద్ద కారణం అని నా అభిప్రాయం.

మడ్డి సంగతి కూడా లెక్కించండి. 3 మి.గ్రా. నుంచి 1కి తెస్తే 40 లీటర్లలోంచి తీసిన 80 మి.గ్రా. ఫ్లోరైడ్ ఆ మడ్డిలోనే ఉంటుంది. బోరు చుట్టూ, కూరగాయల మడిలో, గొడ్లు తాగే తొట్టి దగ్గర పోయకూడదు. ఊరికి దూరంగా, సిమెంటు పూసిన గుంటలో ఎండబెట్టాలి.

ఇక "ఏం ఒరిగింది" అన్న ప్రశ్నకు: ఒక్క పరిశోధనతోనే నీళ్ళు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు పోటీ చేశారు. ఫ్లోరైడ్ సమస్య వైపు దేశం చూపు తిప్పడానికి జల సాధన సమితి ఆధ్వర్యంలో జనం నామినేషన్లు వేశారు. వాళ్ళ చేతిలో ఉన్న ఆధారం మాత్రం శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పోగుచేసిన నీటి పరీక్షలు, ఎముకల ఎక్స్‌రేలు. ఆ తర్వాత కృష్ణా నీళ్ళు, మిషన్ భగీరథ కుళాయిలు ఊళ్ళకు చేరాయి.

అయినా కుళాయి రాని రోజు జనం మళ్ళీ బోరుకే పోతారు. పిల్లలు ఊళ్ళో అడగాల్సిన ప్రశ్న అది: గత నెలలో ఎన్ని రోజులు బోరు నీళ్ళు తాగారు, ఏ బోరు, వంటకు ఏవి, తాగడానికి ఏవి? పరీక్షించిన బోర్ల జాబితాను ఫ్లోరైడ్ అంకెతో సహా తెలుగులో రాసి పంచాయతీ గోడ మీద అంటించండి. 1.5 దాటిన బోరు చేతిపంపుకు ఎర్ర రంగు వేయించండి. నమూనా పట్టుకెళ్ళినవారు ఫలితం తిరిగి తెచ్చి ఇవ్వడం ఊరి హక్కు. ప్రాజెక్టు నివేదిక కట్టేలోపే ఆ పని అయిపోవాలి.